ఏటేటా మారు జ్వరమునకు మారని టీకా

"జలుబు జ్వరమే గదా, నాలుగు దినములలో తగ్గును" అని మనము తేలికగా త్రోసిపుచ్చు రుగ్మతలలో ఇన్‌ఫ్లుయెంజా ఒకటి. జనవ్యవహారమున దానికి ఫ్లూ అని పేరు. పలువురకు అది నిజముగానే కొలది దినములలో తగ్గిపోవును. కాని ముదుసలులకు, గర్భిణులకు, పసిబిడ్డలకు, ఉబ్బసము, మధుమేహము, గుండెజబ్బు గలవారికి అది ఊపిరితిత్తులలోనికి దిగి ప్రాణాంతకమగుట కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనా ప్రకారము ఈ జ్వరమువలన కలుగు శ్వాసకోశ వ్యాధులతో ప్రపంచమున ఏటేటా 2 లక్షల 90 వేల నుండి 6 లక్షల 50 వేల మంది వరకు మరణించుచున్నారు. దీనికి టీకా లేకపోలేదు. 1940 దశాబ్దము నుండియు కలదు. ఉండియు అది మన పల్లెలకు ఏల చేరలేదు? చేరదగిన టీకా ఎట్లుండవలెను? దానికై శాస్త్రజ్ఞులు చేయుచున్న యత్నమేమి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

ఖమ్మము జిల్లాలోని తిరుమలాయపాలెమును దృష్టాంతముగా తీసికొందము. పత్తి, మిరప, వరి పండించు ప్రాంతమిది. ఇచ్చటినుండి తూర్పుగా సాగినకొలది పొలములు తరుగుచు, భద్రాచలము చేరునప్పటికి అడవి ఎదురగును. ఖమ్మము మైదానము మొదలు ఆ అడవి అంచువరకు సంక్రాంతి దాటిన పిమ్మట మిరప ఏరుట ముమ్మరమగును. ఆ పనికి స్థానికులు చాలక, భద్రాచలమునకు ఆవలనున్న ఛత్తీస్‌గఢ్ పల్లెల నుండి కూలీలు ముఠాలుగా వత్తురు. బండిలో ఒకరినొకరు ఒరసికొని కూర్చుండి వచ్చి, కల్లముల ప్రక్క వేసికొన్న గుడిసెలలో గుంపుగా కాపురముందురు. మన దేశమున ఇన్‌ఫ్లుయెంజా ఏడాదికి రెండు మారులు విజృంభించును. జనవరి మొదలు మార్చి వరకు ఒకసారి, వానకాలము పిమ్మట మరియొకసారి. మొదటి విజృంభణము సరిగా మిరప ఏరు దినములలోనే పడుచున్నది. పనిచేసిననాడే కూలి దొరకు కుటుంబమునకు వారము దినముల జ్వరమనగా వారము దినముల తిండి. ఏరువారు లేక కాయ చెట్టుననే ఉండిపోయిన రైతునకును నష్టమే. జ్వరముతో స్వగ్రామమునకు మరలిన మనిషి, వైద్యశాలకు దూరమైన అడవిపల్లెకు ఆ జ్వరమును వెంట గొనిపోవును.

ఈ పల్లెలకు టీకాలు రానే రావని అనుకొనరాదు. ఆరోగ్య కార్యకర్త మంచుపెట్టెలో మందు పెట్టుకొని వచ్చి పసిబిడ్డలకు తట్టు టీకా వేయుచునే యున్నది. తట్టు టీకాకు మొదట అనుమతి లభించినది 1963లో. నాటికిని నేటికిని తట్టు వైరస్ రూపము మారలేదు. కావున ఒకప్పటి టీకాయే ఇప్పటికిని పనిచేయుచున్నది, రెండు మోతాదులు చాలుచున్నవి. మశూచి కూడ ఒకే విధమైన టీకాకు లొంగి 1975 నాటికి మన దేశమును విడిచినది. ఫ్లూ టీకా అట్టిది కాదు. దానిని ఏటేటా క్రొత్తగా తయారుచేయవలెను, ఏటేటా వేయించుకొనవలెను. నిరుడు వేయించుకొన్న టీకా ఈ ఏడు అక్కరకు రాకపోవచ్చును. టీకాకును వైరస్‌కును పొత్తు చక్కగా కుదిరిన సంవత్సరములలో కూడ అది నూటికి నలువది మొదలు అరువది పాళ్ల రక్షణ మాత్రమే ఇచ్చుచున్నది. మన ప్రభుత్వపు సార్వత్రిక టీకా కార్యక్రమములో ఈ టీకా చేరలేదు. వృద్ధులకు, గర్భిణులకు, వైద్యసిబ్బందికి వైద్యులు దీనిని సలహా ఇచ్చుచున్నారు, కొనుక్కొనగలవారు వేయించుకొనుచున్నారు. ఏటేటా కోట్లకొలది జనులకు మరల మరల సూది వేయుట ధనిక దేశములకే భారమైన పని. అట్టిచో తిరుమలాయపాలెము వంటి చోటికి కావలసినది మరింత టీకా కాదు, మరొక విధమైన టీకా.

తట్టునకును ఫ్లూకును ఇంత భేదమేల? కారణము వైరస్ నిర్మాణములో ఉన్నది. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ మిల్లీమీటరులో పదివేలవ వంతు వెడల్పు గల సూక్ష్మమైన ఉండ. మనుష్యులలో ఏటేటా వ్యాపించునవి ఏ, బి అను రెండు జాతులు. మహమ్మారులను పుట్టించినది ఏ జాతి మాత్రమే. ఉండ లోపల ఎనిమిది తునకలుగా జన్యుపదార్థము ఉండును. దానిని అంటిపెట్టుకొని న్యూక్లియోప్రోటీన్ అను మాంసకృత్తు ఉండును. వెలుపలి పొరమీద ముండ్లవలె రెండు విధములైన మాంసకృత్తులు నిక్కబొడుచుకొని యుండును. ఒకటి హీమాగ్లుటినిన్, మన గొంతులోని కణములను పట్టుకొని లోనికి చొచ్చుటకు అది సాధనము. రెండవది న్యూరామినిడేజ్, కణములో పెరిగిన క్రొత్త వైరసులు దానిని విడిచి బయటపడుటకు ఇది సాధనము. హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 అని వార్తలలో వినవచ్చు పేర్లలో హెచ్ మొదటిదానికి గుర్తు, ఎన్ రెండవదానికి గుర్తు. ఇవి గాక ఎం2 అను చిన్న మాంసకృత్తు అచ్చటచ్చట పొరలో నాటుకొని యుండును.

హీమాగ్లుటినిన్‌ను జొన్నకంకితో పోల్చవచ్చును. పైన గుండ్రని తల, క్రింద దంటువంటి కాండము. జ్వరము వచ్చినప్పుడుగాని, టీకా వేసినప్పుడుగాని మన దేహము పుట్టించు ప్రతిరక్షకములు, అనగా శత్రువును పట్టుకొను రక్తములోని మాంసకృత్తులు, చాలవరకు ఈ తలమీదనే వాలును. తలను కప్పివేసిన వైరస్ కణమును పట్టుకొనలేదు. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ఈ వైరస్ తన జన్యువులకు నకలు తీసికొనునప్పుడు తప్పులు దొర్లును. వానిని దిద్దు ఏర్పాటు దానికి లేదు. ఆ తప్పులలో కొన్ని తలయొక్క రూపమును కొంచెముగా మార్చును. మారిన తలను పాత ప్రతిరక్షకములు గుర్తింపజాలవు. అట్టి వైరసే బ్రతికి వ్యాపించును. ఇది ఏటేటా మెల్లగా జరుగు మార్పు.

మరియొక మార్పు అరుదుగా, ఒక్కుమ్మడిగా సంభవించును. నీటిపక్షులలో హెచ్ రకములు అనేకములు కలవు. పక్షి వైరస్, పంది వైరస్, మనుష్య వైరస్ ఒకే కణములో కలిసికొన్నచో ఎనిమిది తునకలు పేకముక్కలవలె కలిసిపోయి, మనుష్యులెవ్వరును ఎరుగని తలతో క్రొత్త వైరస్ పుట్టవచ్చును. ఎవరికిని రక్షణ లేదు గనుక అది లోకమంతటను మహమ్మారిగా వ్యాపించును. 1957లోను, 1968లోను, 2009లోను జరిగినది ఇట్టిదే.

ఈ మహమ్మారులలో మిక్కిలి ఘోరమైనది 1918 నాటిది. అది ఆ యేటి జూను మాసమున బొంబాయిలో కనబడి, సెప్టెంబరు పిమ్మట దేశమంతటిని చుట్టివేసినది. మన దేశమున దానికి బలియైనవారు కోటి ఇరువది లక్షలకు తక్కువ కారని పరిశోధకులు చెప్పుచున్నారు. 1911 నుండి 1921 వరకు గడచిన దశాబ్దమున దేశ జనాభా పెరుగుటకు మారుగా స్వల్పముగా తగ్గినది. ఇరువదవ శతాబ్దమున అట్టి దశాబ్దము అదియొక్కటియే. 1957లో హెచ్2ఎన్2 వైరస్ మే మాసమున ఓడమీద మద్రాసు రేవునకు వచ్చినది. ఆ ఏడు మే మొదలు 1958 ఫిబ్రవరి వరకు దేశమున 44 లక్షలకు పైగా జ్వరపీడితులును, వేయికి పైబడిన మరణములును లెక్కకు వచ్చినవి.

రోగము వచ్చిన తరువాత టీకాకై పరుగెత్తిన ఏమగునో 2009 చక్కగా చూపినది. ఆ యేడు మే మాసమున మన దేశమున హెచ్1ఎన్1 స్వైన్ ఫ్లూ మొట్టమొదట నిర్ధారణయైనది హైదరాబాదులోనే, అమెరికా నుండి వచ్చిన ఒక ప్రయాణికునిలో. జూను 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని మహమ్మారిగా ప్రకటించినది. దేశములోని టీకా సంస్థలు శీఘ్రముగానే పనికి పూనుకొన్నవి. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ కోడిగ్రుడ్లతో పనిలేకుండ, ప్రయోగశాలలో పెంచిన కణములలో వైరస్‌ను పెంచి స్వదేశీయమైన టీకాను తయారుచేసినది. అది విపణికి వచ్చినది 2010 అక్టోబరులో. మహమ్మారి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది 2010 ఆగస్టులో. ఇది ఎవరి అలసత్వమును కాదు. క్రొత్త వైరస్‌ను పట్టి, పెంచి, పరీక్షించి, సీసాలకెత్తుటకు పట్టు కాలమే అంత. వైరస్ విమానములో ప్రయాణము చేయును. టీకా ఎడ్లబండిలో వచ్చును. మహమ్మారి ముగిసినను ఆ వైరస్ పోలేదు. 2015 మొదటి మాసములలో అదియే మరల తెలంగాణమును గట్టిగా బాధించినది.

సాధారణ సంవత్సరములలో కూడ ఇదియే తంతు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952 నుండి నడుపుచున్న పరిశీలన కేంద్రముల వ్యవస్థ దేశదేశముల వైరసులను సేకరించి చూచును. నిపుణులు ఫిబ్రవరిలో ఉత్తరార్ధ గోళమునకును, సెప్టెంబరులో దక్షిణార్ధ గోళమునకును రానున్న ఋతువులో ఏ వైరసులు వ్యాపించునో ఊహించి, టీకాలో చేర్చవలసినవానిని నిర్ణయింతురు. తయారీకి సుమారు ఆరు మాసములు పట్టును. ఈలోపల వైరస్ మరల మారినచో ఊహ తప్పును. వాన రాకను అంచనా వేసి ఆరు నెలల ముందు విత్తనము కొనుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

ఇక రెండవ ప్రశ్న. వైరస్‌లో మారని భాగమేదైన కలదా? కలదు. రైతు నాగలికి రంగు మార్చవచ్చును, మేడిని పొడుగు చేసికొనవచ్చును; కాని కర్రును వంకర చేసికొన్నచో దుక్కి సాగదు. వైరస్‌లో కూడ కర్రువంటి భాగములు కలవు. హీమాగ్లుటినిన్ యొక్క కాండము వానిలో ముఖ్యము. కణము వైరస్‌ను లోనికి తీసికొన్న పిమ్మట, అచ్చటి ఆమ్లము తగులగానే ఈ కాండము మడత విప్పుకొని, బాకువలె కణపు పొరలో గ్రుచ్చుకొని, రెండు పొరలను ఒకటిగా చేయును. అప్పుడే వైరస్ జన్యువులు లోనికి దిగగలవు. కాండము రూపము చెడినచో ఈ పని జరుగదు. వైరస్ వంశము అంతటితో సరి. కావుననే తలలు ఎన్ని విధముల మారినను కాండములు దాదాపు ఒకే పోలికతో నిలిచినవి. ఏ జాతిలోని హెచ్ రకములన్నియు కాండమునుబట్టి రెండు కుటుంబములుగా ఏర్పడినవి. హెచ్1, హెచ్2, హెచ్5 ఒక కుటుంబము; హెచ్3, హెచ్7 రెండవ కుటుంబము. ఎం2 యొక్క వెలుపలి కొస, లోపలి న్యూక్లియోప్రోటీన్, న్యూరామినిడేజ్ నడుమనున్న పనిచేయు గుంట కూడ ఇట్లే పెద్దగా మారనివి. ఫ్లూకు వాడు ఒసెల్టమివిర్ అను మందు ఆ గుంటలోనే ఇరుకుకొని పనిచేయును. ఇన్ని రకముల ఫ్లూకు ఒకే మందు పనికివచ్చుటకు ఇదియే హేతువు.

ఇట్టి మారని భాగమునకు ఎదురుగా ప్రతిరక్షకములను పుట్టించు టీకాయే సార్వత్రిక టీకా. మాట సులభము. చిక్కెచ్చటనన, మన దేహము వానిని లెక్కచేయదు. జొన్నచేనిలో మంచె ఎక్కి చూచువానికి కంకులే కనబడును. దంటులు గుబురులో మరుగుపడి యుండును. అట్లే వైరస్‌మీద కొన్ని వందల ముండ్లు క్రిక్కిరిసి యుండుటచే దేహరక్షక కణముల కంటికి తలయే ముందు పడును. వాని శక్తియంతయు తలమీదనే వ్యయమగును. కాండమునకు ఎదురైన ప్రతిరక్షకములు పుట్టినను మిక్కిలి తక్కువగా పుట్టును.

అట్టి ప్రతిరక్షకము ఒకటి కలదని 1993లో జపానులో ఒసాకా నగరపు శాస్త్రజ్ఞులు, ఒకునో మొదలగువారు, ఎలుకలలో కనుగొనిరి. అది హెచ్1ను, హెచ్2ను రెండింటిని అడ్డగించినది. నాడు లోకము దానిని అంతగా పట్టించుకొనలేదు. 2008, 2009 సంవత్సరములలో మనుష్యుల రక్తకణముల నుండియే అట్టివి లభించినవి; వానిలో కొన్ని పక్షి వైరస్ అయిన హెచ్5ఎన్1ను కూడ పట్టుకొనినవి. పక్షి ఫ్లూను ఎన్నడు ఎరుగని మనుష్యుని దేహమునకే దానిని నిలుపు శక్తి కొంచెముగా కలదని తేలినది. ఆ కొంచెమును టీకాతో పెంచుటెట్లు అను యత్నము అప్పటినుండి ఊపందుకొన్నది.

మొదటి ఉపాయము సూటియైనది. తలను తీసివేసి కాండమును మాత్రమే దేహమునకు చూపుట. కాని తల తీసిన కాండము నిలువక విడిపోవును. దానిని కట్టుగా నిలుపుటయే శిల్పము. మన పొరుగుననున్న బెంగళూరులో, భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రాఘవన్ వరదరాజన్ బృందము ఇట్టి కాండమును సాధారణ బాక్టీరియాలో తయారుచేసి, ఎలుకలను ఫ్లూ నుండి కాపాడవచ్చునని 2010లో ప్రకటించినది. బాక్టీరియాలో చేయునది త్వరగా, చౌకగా పండును. మన దేశమునకు ఇది చిన్న విషయము కాదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలవారు కాండములను ఫెర్రిటిన్ అను బంతిమీద అమర్చిరి. ఫెర్రిటిన్ ఇనుమును నిలువచేయు మాంసకృత్తు. తనంతట తాను బంతిగా కూడుకొనును. 2019లో ఈ టీకాను మనుష్యులకు ఇచ్చి పరీక్షింప మొదలుపెట్టిరి. అది సురక్షితమనియు, దానివలన పుట్టిన ప్రతిరక్షకములు ఏడాదికి పైగా నిలిచినవనియు 2023లో వెల్లడించిరి.

రెండవ ఉపాయము న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ వైద్యకళాశాలలో పీటర్ పలీసీ, ఫ్లోరియన్ క్రామర్ మొదలగువారు పన్నినది. ఒకే కాండముమీద ఒకసారి ఒక పక్షి వైరస్ తలను, మరియొకసారి వేరొక తలను అతికి టీకాలుగా ఇత్తురు. తలపాగ మార్చి మార్చి వచ్చు మనిషిని నడకను బట్టి పోల్చుకొందుము గదా! అట్లే దేహము క్రొత్త తలను ఎరుగక, ఎరిగిన కాండము మీదనే ఎక్కువగా దృష్టి నిలుపును. 2020లో ప్రకటితమైన తొలి మనుష్య పరీక్షలలో ఈ ప్రతిరక్షకములు ఏడాదిన్నర వరకు నిలిచినవి.

మూడవది ఎం2 మార్గము. దాని వెలుపలి కొస ఇరువదిమూడు అమైనో ఆమ్లముల చిన్న తోక మాత్రమే. బెల్జియములోని గెంట్ నగరమున వాల్టర్ ఫియర్స్ బృందము దానిని వేరొక మాంసకృత్తుకు అతికి ఎలుకలను కాపాడగలిగినట్లు 1999లో ప్రకటించినది. ఈ తోక వైరస్‌మీద తక్కువగాను, వైరస్ సోకిన కణముమీద ఎక్కువగాను కనబడును. కావున దాని ప్రతిరక్షకములు వైరస్ ప్రవేశమును ఆపవు. సోకిన కణమును గుర్తుపట్టి నాశము చేయించును.

నాలుగవది న్యూక్లియోప్రోటీన్ మార్గము. ఇది ఉండ లోపల దాగియుండుటచే ప్రతిరక్షకములకు అందదు. కాని వైరస్ సోకిన కణము తన లోపల తయారగు మాంసకృత్తుల తునకలను పైకెత్తి చూపును. టి-కణములు అను తెల్లకణములు ఆ తునకను గుర్తించి, సోకిన కణమును చంపివేయును. 2009 మహమ్మారి కాలమున లండనులోని ఇంపీరియల్ కళాశాలవారు తమ సంస్థలోని మూడువందలకు పైబడిన ఉద్యోగులను, విద్యార్థులను పరిశీలించిరి. లోపలి మారని మాంసకృత్తులను గుర్తించు టి-కణములు ముందే ఎక్కువగా గలవారికి ఆ క్రొత్త వైరస్ సోకినను జబ్బు తేలికగా పోయినదని 2013లో తెలిపిరి. ఈ మార్గము జ్వరమును రానీయకుండ చేయుటకంటె, వచ్చిన జ్వరము ప్రాణము మీదికి రాకుండ చేయుటకు తగినది.

ఇంత విన్న పిమ్మట టీకా ఇంకను ఏల రాలేదని ప్రశ్నింతురు. ఎలుకలో గెలిచినది మనిషిలో గెలువవలెనను నియమము లేదు. మారని తొమ్మిది తునకలను కలిపి ఇజ్రాయెల్ సంస్థ ఒకటి తయారుచేసిన ఎం-001 అను టీకాను, ఏబది సంవత్సరములు దాటిన పండ్రెండు వేలమందికి పైగా జనులలో పరీక్షించిరి. అది ఫ్లూను తగ్గింపలేదని 2020 అక్టోబరులో తేలినది. పైన చెప్పిన కాండపు టీకాలు రక్తములో ప్రతిరక్షకములను పుట్టించినవి నిజమే. కాని రక్తములో ప్రతిరక్షకములు కనబడుట ఒకటి, ఊరిలో జ్వరము తగ్గుట మరియొకటి. రెండవది ఋజువు చేయుటకు వేలకొలది జనులను కొన్ని ఋతువుల పొడవునను గమనింపవలెను. మరియు, మనలో ప్రతివారికిని బాల్యమున సోకిన మొదటి ఫ్లూ యొక్క ముద్ర దేహముపై జీవితాంతము ఉండును. క్రొత్త టీకాకు దేహము చూపు స్పందనను ఆ పాత ముద్ర వంచివేయును. కావున ఇరువదేండ్లవానికి పనిచేసినది అరువదేండ్లవానికి అంతగా పనిచేయకపోవచ్చును.

మారని భాగమును వెదకుట మాని, తలలన్నింటిని ఒకేసారి చూపుదమను వారును కలరు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున స్కాట్ హెన్స్లీ బృందము ఎరిగిన ఇరువది విధముల హీమాగ్లుటినిన్‌లకు ఎం-ఆర్‌ఎన్‌ఏ టీకాను చేసి, ఎలుకలలోను ఫెర్రెట్ అను ముంగిసవంటి జంతువులలోను దాని రక్షణను 2022లో చూపినది. ఈ రెండు మార్గములలో ఏది గెలుచునో, రెండును కలిసి గెలుచునో కాలము తేల్చవలెను.

గెలుపునకు కొలత ఏమి? అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2018లో ఒక కొలతను పెట్టినవి. టీకా నూటికి డెబ్బదియైదు పాళ్లకు తక్కువ కాని రక్షణ ఈయవలెను. ఏ జాతిలోని రెండు కుటుంబములకును పనిచేయవలెను. కనీసము ఒక సంవత్సరము నిలువవలెను. అన్ని వయస్సులవారికిని తగవలెను. మన పల్లెలకు ఈ కొలత చాలదు. ఒక్క సంవత్సరము నిలుచు టీకా మరల ఏటేటి టీకాయే అగును. తట్టు టీకా పోవు మంచుపెట్టెలోనే పోవలెను, ఒకటి రెండు మోతాదులతో అనేక సంవత్సరములు నిలువవలెను, ప్రభుత్వము కొనగల వెలకు రావలెను. పరీక్షలును చలిదేశపు నగరములలోనే గాక, ఏడాదికి రెండు ఫ్లూ ఋతువులు గల మన దేశమున కూడ జరుగవలెను. బెంగళూరు, హైదరాబాదు ప్రయోగశాలలమీద మేము పెట్టుకొన్న ఆశ ఇందుకే.

ఇది కేవలము పుస్తకపు విషయము కాదని చెప్పుటకు ఒక విషాదవార్త చాలును. 2025 ఆరంభమున ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి, కృష్ణా జిల్లాల కోళ్లలో హెచ్5ఎన్1 వ్యాపించినది. ఆ మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేండ్ల బాలిక ఆ వైరస్ సోకి మంగళగిరిలోని ఆసుపత్రిలో మరణించినది. ఈ వైరస్ మనిషినుండి మనిషికి సులభముగా వ్యాపించు శక్తిని ఇంకను పొందలేదు. పొందిన నాడు, 2009లో వలె టీకాకై ఏడాది ఎదురుచూచు వ్యవధి మనకుండదు. హెచ్5 కాండము హెచ్1 కాండమునకు చుట్టమని పైన చెప్పితిమి గదా! కాండపు టీకా ముందే వేసియున్న ఊరిలో ఆ క్రొత్త వైరస్ సోకినను మరణములు తగ్గునను ఆశకు ఆధారము ఆ చుట్టరికమే.

ఆ టీకా వచ్చువరకు మనము చేయవలసినవి కొన్ని కలవు. ఇంటిలో వృద్ధులు, గర్భిణులు, దీర్ఘవ్యాధులు గలవారు ఉన్నచో ఇప్పటి టీకా గురించి వైద్యుని అడుగుడు. సగము రక్షణయైనను రక్షణయే. దగ్గువారు నోటికి గుడ్డ అడ్డుపెట్టుకొనవలెను. చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. మిరప ఏరు ముఠాలో ఒకనికి జ్వరము వచ్చినచో వానిని గుడిసెలో గాలివచ్చు ప్రక్క వేరుగా పరుండనిచ్చి, కూలి పోవునను భయముతో పనికి ఈడ్వకుండుట రైతునకును మేలే. ఫ్లూ వైరస్‌వలన వచ్చునది గనుక బాక్టీరియాను చంపు యాంటీబయాటిక్ మాత్రలు దానికి పనిచేయవు; వైద్యుడు చెప్పనిదే వానిని కొనకుడు. పిల్లలకు ఈ జ్వరములో ఆస్పిరిన్ ఈయరాదు. ఆయాసము, రొమ్ములో నొప్పి, మగత, పెదవులు నీలముగుట కనబడినచో తడవు చేయక ఆసుపత్రికి పోవలెను. ఒసెల్టమివిర్ మొదటి రెండు దినములలో మొదలుపెట్టిన ఎక్కువ గుణము చూపును. పెరటికోళ్లు ఒక్కుమ్మడిగా చచ్చినచో వట్టి చేతులతో ముట్టక పశువైద్యునకు తెలుపుడు. మాంసమును, గ్రుడ్లను బాగుగా ఉడికించియే తినవలెను. పిల్లల చేతికి పచ్చిమాంసము ఈయరాదు.

మశూచి టీకా మొదటి పరీక్షనుండి మశూచి అంతరించువరకు దాదాపు నూట ఎనుబది సంవత్సరములు పట్టినది. ఫ్లూ వైరస్‌ను మనుష్యులనుండి 1933లో స్మిత్, ఆండ్రూస్, లైడ్లా అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞులు మొదటిసారి వేరుచేసిరి. ఆ లెక్కన మన యత్నము ఇంకను నడివయస్సు దాటలేదు. శత్రువు ఎచ్చట మారునో ఇన్నాళ్లు వెంటాడితిమి. ఎచ్చట మారజాలదో ఇప్పుడు తెలిసినది. తెలిసినదానిని తిరుమలాయపాలెము మంచుపెట్టె వరకు తెచ్చుటయే మిగిలిన పని.